తైవాన్ కళలో నవ్వు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

తైవాన్ సమకాలీన కళలో నవ్వు ఒంటరిగా రాదు. దాని వెనక ఎవరో చాలా గంభీరంగా చెప్పిన మాట ఒకటి ఉంటుంది. అది ప్రభుత్వ నినాదం కావచ్చు, బడిగోడ మీది సూక్తి కావచ్చు, గుడి ఆచారం కావచ్చు, మ్యూజియం అద్దాల పెట్టెకు మనం ఇచ్చే మర్యాద కావచ్చు. ముందు ఆ గంభీరమైన మాటేదో కనిపెట్టండి. ముందే నవ్వేసి తర్వాత అర్థం వెతికితే "ఏదో సరదాగా ఉంది" దగ్గరే ఆగిపోతాం. ఈ కళ విషయంలో జరిగే అన్యాయమల్లా అదే.

గ్యాలరీకి వెళ్లేముందు కొన్ని తేదీలు కాగితం మీద రాసుకోండి. 1624లో డచ్చివాళ్లు దక్షిణాన తైనాన్ దగ్గర దిగారు. 1626లో స్పెయిన్‌వాళ్లు ఉత్తరాన కీలుంగ్‌కి వచ్చారు. 1661లో చైనా సేనాని జెంగ్ చెంగ్‌గాంగ్ సేన వచ్చింది. 1895 నుంచి 1945 దాకా జపాన్ పాలన. 1949 మే 20 నుంచి 1987 జులై 15 వరకు, అంటే 38 ఏళ్లు, మార్షల్ లా (సైనిక శాసనం). ఆ రోజుల్లో బడిలో ప్రభుత్వ భాష మాండరిన్ కాకుండా జనం భాష తైవానీ మాట్లాడిన పిల్లలకు శిక్ష పడేది, మెడలో పలక వేలాడదీసేవారు. అక్కడి కళాకారులు రెండు మూడు భాషల మధ్య శ్లేషతో ఎందుకంత ఆడుకుంటారో దీన్నిబట్టే తెలుస్తుంది.

గ్యాలరీలోకి వెళ్లాక మొదటి పని పేరు చదవడం. పక్కనున్న ఇంగ్లిష్ పేరుతో సరిపెట్టుకోకండి, శ్లేష చచ్చిపోయేది అక్కడే. చైనీస్ అక్షరాలను ఫొటో తీయండి. అనువాద యాప్‌లో "ట్రెడిషనల్ చైనీస్" ఎంచుకోండి, తైవాన్‌లో వాడేది ఆ లిపే. ఒక్కో అక్షరానికి అర్థం విడివిడిగా చూసి, తర్వాత మొత్తం పేరును మాండరిన్‌లో వినండి. అప్పటికీ ఏమీ తట్టకపోతే తైవానీ ఉచ్చారణ వినాలి. తైవాన్ విద్యాశాఖ ఆన్‌లైన్‌లో పెట్టిన తైవానీ నిఘంటువులో ధ్వని కూడా ఉంటుంది. ఎందుకింత శ్రమ అంటే, అనాసపండు సంగతే చూడండి. మాండరిన్‌లో అది "ఫెంగ్‌లీ", అందులో విశేషమేమీ లేదు. తైవానీలో "ఓంగ్‌లాయ్" అంటే "కలిసొస్తుంది" అన్నట్టు వినిపిస్తుంది. అందుకే అనాస పూజలోకీ వచ్చింది, కొత్త దుకాణం గల్లాపెట్టె మీదికీ వచ్చింది. ఒక భాషలో బతికే చమత్కారం పక్క భాషలో ఉండదు.

దీనికి పరాకాష్ఠ మెయ్ డీన్-ఈ 1996 నాటి పని. పేరులో నాలుగక్షరాలు. వాటి అర్థాలు వరసగా శోకం, నిష్కపటం, సానరాయి, అన్నదమ్ముల గౌరవం. చూస్తే పాత భవనం గుమ్మం మీద చెక్కిన నీతివాక్యంలా ఉంటుంది. పైకి చదవండి: "ఐ-దున్-దీ-తీ". అది ఇంగ్లిష్ "ఐడెంటిటీ"! తైవాన్ అంతా "మనమెవరం" అని వాదించుకుంటున్న కాలంలో, ఆ ప్రశ్నను పరాయి భాష పదంతో, ప్రాచీన సూక్తి వేషంలో అడిగాడు. ఈ పేరును కళ్లతో చదివితే చాలదు, పెదవులు కదపాలి.

రెండో పని నినాదం వెతకడం. యావ్ జుయ్-చుంగ్ దగ్గర ఇది బాగా పనికొస్తుంది. 1994 నాటి ఒక ఫొటోల వరసలో, పరాయి శక్తులు తైవాన్‌లో దిగిన ఆరు చోట్లకు వెళ్లి, కుక్క తన హద్దు గుర్తుపెట్టుకున్నట్టు మూత్రం పోశాడు. తేదీల కాగితం తీయాల్సింది ఇప్పుడే. ఒక్కో ఫొటో ముందు ఆగి, ఇక్కడ ఎవరు దిగారు, ఏ ఏడాది అని అడగండి. ఆ చరిత్ర తెలియనివారికి అది వెకిలి చేష్టలాగే ఉంటుంది. తెలిసినవారికి, వచ్చిన ప్రతివాడూ జెండా పాతి చేసిన పని కూడా ఇదే కదా అనిపిస్తుంది. ఆ తర్వాతి వరసలో, చైనాను తిరిగి గెలుస్తామన్న తైవాన్ ప్రభుత్వ నినాదాన్ని పట్టుకుని, చైనా ప్రసిద్ధ స్థలాల ముందు నిటారుగా గాల్లోకి ఎగిరి ఫొటోలు దిగాడు. వీటిలో ముందు ముఖం చూడకండి, పాదాలకూ నేలకూ మధ్య ఖాళీ చూడండి.

వీడియోలకు పద్ధతి వేరు. అవి ఆగకుండా తిరిగి తిరిగి ఆడుతుంటాయి కాబట్టి మీరు వెళ్లేసరికి సగంలో ఉంటాయి. మళ్లీ మొదలయ్యేదాకా ఆగి, కనీసం ఒకసారి పూర్తిగా చూడండి. త్సుయ్ క్వాంగ్-యూ 2001లో చేసిన వీడియోలో అతని తల వెనక్కి ఏదో ఒక వస్తువు వచ్చి తగులుతుంది. వెనక్కి తిరగకుండానే అదేమిటో చెబుతాడు. మళ్లీ ఇంకోటి. మొదటి దెబ్బకు నవ్వొస్తుంది, కాసేపటికి నొప్పి కనిపిస్తుంది, ఇంకాసేపటికి ఇది చైనా యుద్ధవిద్యలకు పేరైన షావోలిన్ గుడి కఠోర శిక్షణకు పేరడీ అని తెలుస్తుంది. మొదటి నవ్వుకే వెళ్లిపోతే మిగతా రెండూ పోతాయి.

పెంగ్ హుంగ్-చీ వీడియోలో తెల్లకుక్క నాలుకతో గోడ మీద మతగ్రంథాల వాక్యాలు "రాస్తుంది". నాలుకనే గమనించండి, కదలిక ఎక్కడో తేడాగా ఉంటుంది. నిజానికి గోడ మీద ఆహారంతో రాసిన అక్షరాలను కుక్క నాకేసింది, ఆ దృశ్యాన్ని వెనక్కి తిప్పి ఆడించారు. ఆ కిటుకు తెలిశాక మరోసారి చూడండి. పవిత్రవాక్యం పుడుతోందా, మాయమవుతోందా అన్న ప్రశ్న అప్పుడే మొదలవుతుంది.

యూ చెంగ్-తా 2008 వీడియోలో ఒక విదేశీయుడు చైనీస్ మాట్లాడుతుంటాడు. వెనక నిలబడి మాటలందించేది కళాకారుడే. ఇక్కడ కన్నుకంటే చెవికి ఎక్కువ పని, ఒక్కో మాట ఎక్కడ విరిగిందో వినండి.

తు వెయ్-చెంగ్ పురావస్తు ప్రదర్శనకు వెళితే మొదట అన్నీ నమ్మేయండి. తవ్వకాల్లో దొరికినట్టున్న శిథిల శిల్పాలు, వివరాల పలకలు అన్నీ చదవండి. తర్వాత అడుగు దూరం నుంచి చెక్కడాలను వెతకండి, కంప్యూటర్ల, యంత్రాల భాగాలు కనబడతాయి. అలాంటి నాగరికతే లేదు. మొదట నమ్మనివారికి ఈ ఆట అందదు, అందుకే తోడు వచ్చినవారికి ముందే చెప్పేయకండి.

దేవుళ్ల విషయంలో ఎక్కువమంది ఒక పొరపాటు చేస్తారు, దేవుడితో సరదా అంటే ఎగతాళి అనుకుంటారు. 2009లో కావ్‌షుంగ్‌లో జరిగిన వరల్డ్ గేమ్స్ ఆరంభ వేడుకలో నజా దేవుడి పెద్ద బొమ్మ వేషాలు మోటార్‌సైకిళ్ల మీద టెక్నో సంగీతంతో వచ్చాయి. భక్తులు సంతోషించారు. (ఈ నజాకు మూలం మన కుబేరుడి కొడుకు నలకూబరుడని పండితులంటారు.) అందుకే బొమ్మలో దేవత కనిపిస్తే, కళాకారుడు ఆ దేవతను ఆటపట్టిస్తున్నాడా, ఆమెతో కలిసి ఆడుతున్నాడా అన్నది రంగులు, పూలు, దీపాలను బట్టి తేల్చుకోండి. గుడిలో వాడే సామగ్రినే ప్రేమగా వాడితే చాలాసార్లు రెండోదే.

చూసినదాన్ని తెలుగులో రాసి పంచుకునేటప్పుడు శ్లేషను మన శ్లేషతో మార్చేయకండి, అది మరో జోక్ అవుతుంది. మొదటి వాక్యంలో గంభీరమైన మాట చెప్పండి, రెండో వాక్యంలో కళాకారుడు చేసిన పని చెప్పండి, "హాస్యంగా" అన్న మాట తీసేయండి. యావ్ గాల్లోకి ఎగిరిన ఫొటోకు ఇలా రాయొచ్చు: "చైనా భూభాగాన్ని తిరిగి గెలుస్తామన్నది దశాబ్దాల పాటు తైవాన్ ప్రభుత్వ నినాదం. ఫొటోలో ఇతను ఆ భూభాగానికే వెళ్లాడు, కాళ్లు మాత్రం నేలకు ఆనలేదు."