పైన తీపి, అడుగున ఉప్పు: మోడల్‌లో నా పొరపాటు

దివిసీమలో మా ఊరి మంచినీళ్ల చెరువుకి కంప్యూటర్ మోడల్ చేశాను. కాలువకి నీళ్లు ఆపేశాక వేసవిలో నీళ్లు ఎందుకు ఉప్పగా మారతాయో తేల్చాలని. మోడల్ నీళ్లు బాగున్నాయంది. కుళాయి నీళ్లు నోట పెట్టలేం. వారమంతా టెన్షన్.

చివరికి పడవలో వెళ్లి, మీటర్‌ని తాడుకి కట్టి అడుగుదాకా దించాను. పైన 600 ఉన్న టీడీఎస్ (లీటరు నీటిలో కరిగిన లవణాలు, మిల్లీగ్రాముల్లో) కింద 1,400 దాటింది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం తాగే నీటిలో 500 లోపు ఉంటే మంచిది. ఉప్పునీరు బరువు కదా, అడుగున పేరుకుంటుంది. పంపు పైపు నోరు సరిగ్గా అక్కడే ఉంది! నేనేమో లోతంతా ఒకే పొరగా లెక్కగట్టాను.

పది పొరలు చేసి, ఉప్పుని బట్టి సాంద్రత మారేలా పెట్టి, గట్టు కింద ఊరే ఉప్పునీటిని కలిపాను. లెక్క కుదిరింది. పంచాయతీవాళ్లు పైపు నోటిని డ్రమ్ములకి కట్టి పైకి తేల్చారు. మా అమ్మ కందిపప్పు మళ్లీ మెత్తగా ఉడుకుతోంది.