మ్యాచ్ పోయిన రాత్రి ఏం చెయ్యాలి: ఛెత్రిని చూసి మన కుర్రాళ్ళు నేర్చుకోగలిగింది

ఆదివారాలు పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తుంటా. మ్యాచ్ గెలిస్తే ఏం చెయ్యాలో వీళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, బిర్యానీ ఎక్కడ తినాలో కూడా వాళ్ళే తేల్చేసుకుంటారు. ఓడిపోయినప్పుడే చూడాలి, షిన్‌గార్డులు కూడా విప్పకుండా కిట్ బ్యాగ్ మీద కూర్చుని ఫోన్‌లో తల పెట్టేస్తారు, ఇంకోడు రిఫరీని తిడుతుంటాడు, ఒకడైతే ఇంటికెళ్ళి ఇక ఆడను అంటాడు. అందుకే ఇది రాస్తున్నా, ఓడిన రాత్రి నుంచి తర్వాతి ప్రాక్టీస్ దాకా ఏం చెయ్యాలి అని. ఉదాహరణలన్నీ ఇండియా ఫుట్‌బాల్ మాజీ కెప్టెన్ సునీల్ ఛెత్రివే. పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1984లో, కానీ నాన్నది మిలటరీ ఉద్యోగం కాబట్టి పెరిగింది వేరే ఊళ్ళల్లో, అందుకని మనోడు అని మరీ లాగేసుకోను. 2024 జూన్‌లో మొదటిసారి దేశం జెర్సీ విప్పేటప్పటికి 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. అందరూ ఆ 94 గురించే మాట్లాడతారు, నాకు మాత్రం ఆయన ఓడిపోయిన మ్యాచ్‌లే పనికొస్తాయి.

మొదటిది, ఏడుపొస్తే ఏడవండి. నిజంగానే అంటున్నా. 2002లో ఛెత్రి కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్‌కి వెళ్ళినప్పుడు ఇంకా పద్దెనిమిదేళ్ళ లోపే, మొదట్లో అంతా బాగానే ఉంది, అప్పటి మన స్టార్ స్ట్రైకర్ భైచుంగ్ భూటియా తర్వాత ఇతనే అన్నారు, తీరా ఓటములు మొదలయ్యాక ఆ నోళ్ళే ఎలా తిరగబడ్డాయో, తను ఎలా ఏడ్చాడో, ఒకసారైతే నాన్నకి ఫోన్ చేసి ఇది నావల్ల అయ్యే పని కాదేమో అన్నాడో, ఇదంతా ఆయనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. కోల్‌కతాలో ఓటమి అంటే ఊరుకోరు. అక్కడ నిలబడ్డ మనిషే ఏడ్చాడంటే మీరు నిజాంపేట గ్రౌండ్‌లో 3-0తో ఓడి ఏడిస్తే తప్పేంటి.

కాకపోతే ఒక షరతు. ఏడ్చేది ఇంట్లో, చెప్పుకునేది ఒక్కరికి. వాట్సాప్ గ్రూప్‌లో కాదు, స్టేటస్‌లో అసలే కాదు. రాత్రి పదకొండింటికి "కొంతమంది బాల్ పాస్ చేసుంటే" అని స్టేటస్ పెట్టినోడిని నేను చూశా, ఆ కొంతమంది ఎవరో టీమ్ అందరికీ తెలుసు, తర్వాత రెండు వారాలు ఆ ఇద్దరూ ఒకరికొకరు బాల్ ఇచ్చుకోలేదు, మేము ఇంకో రెండు మ్యాచ్‌లు పోగొట్టుకున్నాం. అమ్మానాన్నలకి కూడా ఒక మాట, బండి మీద ఇంటికి తీసుకెళ్తూ "అంత దగ్గర్నుంచి ఎలా మిస్ చేశావురా" అని మొదలుపెట్టకండి ప్లీజ్. ఎలా మిస్ చేశాడో వాడికి మీకంటే బాగా తెలుసు. ఆకలేస్తోందా అని అడగండి చాలు.

రెండోది మర్నాడు పొద్దున, రాత్రి కాదు, నిద్ర లేచాక. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, వంద పేజీల లాంగ్ బుక్ చాలు. అందులో గోల్ ఎవడి వల్ల పడింది అని రాయకూడదు, గోల్ పడకముందు పది నిమిషాలు మనం ఏం చేశాం అన్నదే రాయాలి. ఎందుకంటారా, 2019 ఏషియన్ కప్ గుర్తు తెచ్చుకోండి. థాయ్‌లాండ్‌ని 4-1తో కొట్టాం, ఛెత్రి రెండు గోల్స్, దేశమంతా సంబరం. యుఏఈ చేతిలో 2-0తో ఓడాం. ఆఖరి మ్యాచ్ షార్జాలో బహ్రెయిన్‌తో, డ్రా అయినా చాలు తర్వాతి రౌండ్‌కి వెళ్ళిపోతాం. తొంభై నిమిషాలు లాగేశాం, ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ, 1-0, ఇంటికి. ఆ ఫౌల్ చేసిన కుర్రాడిని ఎన్ని మాటలన్నారో. నాకైతే తప్పు ఆ ఒక్క ట్యాకిల్‌ది కాదనిపిస్తుంది, డ్రా చాలు అని వెనక్కి వెనక్కి జరిగిపోయి బాల్ దొరికితే చాలు గాల్లోకి తన్నేసిన ఆ సెకండ్ హాఫ్ మొత్తానిది. నోట్‌బుక్‌లో పేరు రాస్తే ఆ పేజీ వల్ల మీకు ఒరిగేదేం లేదు. "60వ నిమిషం తర్వాత మనం వరసగా మూడు పాస్‌లు ఎప్పుడైనా ఇచ్చామా" అని రాస్తే మంగళవారం ప్రాక్టీస్‌లో చెయ్యడానికి పని దొరుకుతుంది.

మూడోది టీమ్ సంగతి. గోల్ నాది, ఓటమి వాళ్ళది అనే జబ్బు మన పిల్లల్లో చాలా ఉంది, స్ట్రైకర్లకి మరీను. 2024 మార్చిలో గువాహటిలో ఛెత్రి 150వ మ్యాచ్, అఫ్గానిస్తాన్‌తో, పెనాల్టీ కొట్టి గోల్ వేశాడు, లెక్కకి ఇంకోటి కలిసింది, మ్యాచ్ మాత్రం 2-1తో పోయింది. ఆ గోల్ ఇప్పుడు ఎవరికి గుర్తుంది చెప్పండి. దీనికి రివర్స్ కూడా ఉంది, 2019 సెప్టెంబర్‌లో దోహాలో అప్పటి ఆసియా ఛాంపియన్ ఖతార్‌ని వాళ్ళ గడ్డ మీదే 0-0తో ఆపేశాం, మన వాళ్ళ బెస్ట్ మ్యాచ్‌లు చెప్పమంటే చాలామంది ముందు ఇదే చెప్తారు, ఆ రోజు ఛెత్రి జ్వరంతో అసలు ఆడనే లేదు. మన గోల్‌కీపర్ గురుప్రీత్ గోల్‌లో గోడలా నిలబడ్డాడు.

కాబట్టి ప్రాక్టీస్‌లో ఇలా చెయ్యండి: వారంలో ఒక రోజు మీ బెస్ట్ ప్లేయర్‌ని పక్కన కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు ఆడండి. వాడు సణుగుతాడు, సణగనివ్వండి. మిగతా పదిమందీ బాల్ రాగానే అలవాటుగా వాడి కోసం వెతకడం, వాడు లేడని గుర్తొచ్చి ఆగిపోవడం కళ్ళారా కనిపిస్తుంది. ఆ ఆగడం పోయేదాకా చెయ్యండి.

పెనాల్టీ మిస్ చేసినోడితో ఎలా ఉండాలో 2023 శాఫ్ (దక్షిణాసియా దేశాల టోర్నీ) ఫైనల్‌లో చూడొచ్చు. బెంగళూరు కంఠీరవ స్టేడియం, కువైట్‌తో 1-1, షూటౌట్. ఛెత్రి తనది కొట్టాడు, ఉదాంత కొట్టింది బార్ పైనుంచి పోయింది, అయినా వెనక నుంచి వచ్చినోళ్ళు తడబడలేదు, మహేష్ కొట్టాడు, గురుప్రీత్ ఆఖరిది ఆపాడు, 5-4. ఒకడి తప్పుని ఇంకో ఇద్దరు మోశారు. మీ దగ్గర ఎవడైనా మిస్ చేస్తే సెంటర్ లైన్ దగ్గరికి ఒంటరిగా నడిచి రానివ్వకండి, ఒకడు ఎదురెళ్ళి భుజం మీద చెయ్యేసి తీసుకురావాలి, ఏం మాట్లాడక్కర్లేదు. పెనాల్టీ ప్రాక్టీస్ కూడా మొదట్లో ఫ్రెష్‌గా ఉన్నప్పుడు కాదు, అన్నీ అయిపోయి కాళ్ళు వణుకుతున్నప్పుడు చెయ్యండి. సెంటర్ లైన్ నుంచి నడుచుకుంటూ వచ్చి, బాల్ మీరే పెట్టుకుని, ఏ మూలకో ముందే అనుకుని, విజిల్ తర్వాత ఒక శ్వాస తీసుకుని కొట్టాలి. మనిషికి ఒక్కటే. ఇరవై కొడితే అది షూటింగ్ ప్రాక్టీస్ అవుతుంది కానీ పెనాల్టీ కాదు.

ఇక కెరీర్ ప్రెషర్. ట్రయల్స్‌లో పేరు రాలేదని పిల్లలు కుంగిపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. వద్దు అన్న మాట రెండు రకాలు. 2009లో ఛెత్రికి లండన్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో ఒప్పందం కుదిరింది, బ్రిటన్ వర్క్ పర్మిట్ ఇవ్వలేదు, కారణం ఫీఫా ర్యాంకింగ్‌లో ఇండియా మొదటి 70లో లేకపోవడం. ఇందులో ఆయన ఆట తప్పేముంది? మూడేళ్ళ తర్వాత పోర్చుగల్‌లో స్పోర్టింగ్ లిస్బన్‌కి వెళ్ళాడు, వారానికే కోచ్ మొహం మీదే చెప్పేశాడట, నీ ఆట సరిపోదు, బి టీమ్‌కి వెళ్ళు అని. ఆ మాట నిజమేనని, అక్కడి స్పీడ్ తనకి అందలేదని ఛెత్రే ఒప్పుకున్నాడు. తిరిగొచ్చాక 2013లో బెంగళూరు ఎఫ్‌సీలో చేరి మొదటి సీజన్‌లోనే అప్పటి దేశపు పెద్ద లీగ్ ఐ-లీగ్ గెలిచాడు, నలభై దాటాక కూడా 2024-25 ఐఎస్ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) 14 గోల్స్ కొట్టాడు.

మీకు వద్దు అని చెప్పినప్పుడు అది లండన్ వద్దా, లిస్బన్ వద్దా తేల్చుకోండి. నా చిన్నప్పుడు ఒక సెలెక్షన్‌లో లిస్ట్ ముందే టైప్ అయిపోయి ఉంది, మేము ఎండలో మూడు గంటలు ఉత్తినే పరిగెత్తాం. అది లండన్ వద్దు. తిట్టుకుని, ఇంకో ట్రయల్ ఎక్కడుందో వెతుక్కోవాలి, అంతే. అదే కోచ్ ఎడమ కాలు అసలు లేదు నీకు అంటే అది లిస్బన్ వద్దు, ఇంటికొచ్చి గోడకి రోజుకి రెండొందలు ఎడమ కాలితో కొట్టాలి. చాలామంది రెండోదాన్ని మొదటిది అనుకుని రాజకీయాలు అనేస్తారు. నేను కూడా రెండేళ్ళు అలాగే అనుకున్నా, నా హెడింగ్ దరిద్రంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నా. ఏ వద్దో తెలియకపోతే ఆ కోచ్ దగ్గరికే వెళ్ళి "సార్, ఒక్కటి చెప్పండి, ఏం బాగుచేసుకోవాలి" అని అడగండి, పది సెకన్లలో జవాబొస్తే లిస్బనే.

చదువు మానెయ్యొద్దు. దీని మీద వాదన పెట్టుకోను, డిగ్రీ ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఇంకో నాలుగు తలుపులు తట్టొచ్చు.

ఆఖరికి బూట్ల సంగతి. ఓడిన రోజు బూట్లు బ్యాగ్‌లోనే వదిలేస్తారు అందరూ, మూడో రోజు తీస్తే వాసనకి ఇల్లంతా లేస్తుంది. ఆ రాత్రే మట్టి దులిపి, ఇన్‌సోల్ తీసి, లోపల పాత పేపర్ ఉండలు కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి, ఎండలో వద్దు, అతుకు ఊడుతుంది. మంగళవారం పొద్దున 5.30కి గ్రౌండ్‌లో ఉండాలి.