అక్టోబర్‌లో అన్నపూర్ణ వైపు వెళ్తున్నారా? ముందు బంగాళాఖాతం చూసుకోండి

దసరా సెలవులు దగ్గర పడ్డాయంటే నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. నేపాల్‌లో అన్నపూర్ణ కొండల చుట్టూ నడిచే అన్నపూర్ణ సర్క్యూట్ ట్రెక్‌కి వెళ్తున్నాం, ఏ బూట్లు కొనాలి, జాకెట్ ఇక్కడ కొనాలా ఖాట్మండూలో అద్దెకి తీసుకోవాలా అని. బూట్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ రిటర్న్ టికెట్ ఏ తారీఖుకి ఉందో చెప్పండి అంటాను. దానికీ దీనికీ సంబంధం ఏంటని విసుక్కుంటారు.

సంబంధం ఉంది. ఉద్యోగం పేరుతో కొంత, పిచ్చితో కొంత చాలా దేశాలు తిరిగాను. ఆండీస్ కొండల్లో, కిలిమంజారో దగ్గర, టిబెట్ వైపు, నేపాల్‌లో, ఎత్తు మీద మనుషులు ఎలా ఇబ్బంది పడతారో దగ్గరుండి చూశాను. వాళ్ళలో ఎక్కువమందికి జాగ్రత్తలన్నీ తెలుసు, పాటించడానికి రోజులే లేవు. కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు, దాన్ని ఐదు రోజుల్లో ఎక్కించేస్తాం అని ప్యాకేజీలు అమ్ముతారు. అక్కడ పార్కు ఫీజు రోజు లెక్కన కట్టాలి కాబట్టి రోజులు తగ్గితే రేటు తగ్గుతుంది, మనం చవగ్గా వచ్చిందని మురిసిపోతాం.

ఇక బంగాళాఖాతం సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. వైజాగ్ వాళ్ళకి ఆ ఆదివారం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మనవరకు తుపాను కథ అక్కడితో అయిపోయి సహాయక చర్యల వార్తలు మొదలయ్యాయి గానీ, ఆ తుపాను మాత్రం బలహీనపడుతూనే ఉత్తరానికి నడిచింది. పైన పడమటి గాలుల ద్రోణితో కలిసి, సముద్రం నుంచి మోసుకెళ్ళిన తేమనంతా నేపాల్ కొండల మీద మంచుగా కుమ్మరించింది. అక్టోబర్ 14న అన్నపూర్ణ సర్క్యూట్‌లో 5,416 మీటర్ల ఎత్తున ఉన్న థొరాంగ్ లా కనుమ దాటుతున్నవాళ్ళు ఆ మంచు తుపానులో చిక్కుకున్నారు. ఆ చుట్టుపక్కల కొండలన్నీ కలిపి కనీసం 43 మంది చనిపోయారు. విదేశీ ట్రెక్కర్లే కాదు, గైడ్‌లు, పోర్టర్లు కూడా. వాతావరణ శాఖల దగ్గర సమాచారం ఉంది, కొండ మీద నడుస్తున్నవాళ్ళకే అది చేరలేదు.

మ్యాప్ తీసి చూడండి, వైజాగ్ నుంచి థొరాంగ్ లా దాదాపు నేరుగా ఉత్తరాన, పన్నెండు వందల కిలోమీటర్లు ఉంటుంది. అందుకే ఈ విషయంలో తెలుగువాళ్ళకి మిగతా ట్రెక్కర్ల కంటే ఒక సౌలభ్యం ఉంది. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, ఈ వరస మనకి చిన్నప్పటి నుంచీ నోటికొచ్చు. జర్మనీ నుంచి వచ్చినవాడు నేపాల్ వాతావరణం మాత్రమే చూసుకుంటాడు. మీరు మన వాతావరణ శాఖ బులెటిన్ కూడా చూడండి. అండమాన్ దగ్గర అల్పపీడనం పుట్టింది అన్న రోజు నుంచే గమనించడం మొదలుపెట్టాలి. తీరం ఎక్కడ దాటుతుందన్నది మన ఇళ్ళకి ముఖ్యం, ట్రెక్‌కి ముఖ్యమైంది దాటాక ఎటు తిరుగుతుందన్నది. తెలంగాణ మీదుగా పడమరకి పోయి వానగా కురిసి చచ్చిపోయేదైతే భయం తక్కువ. ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్, బిహార్ వైపు తిరుగుతోంది అంటే మాత్రం రెండు మూడు రోజుల్లో కొండ మీద మంచు పడుతుందనే అనుకోవాలి. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను మన తీరం దాటినప్పుడు కూడా నేపాల్ కొండల్లో మంచు కురిసింది.

అప్పుడు చేయాల్సిందల్లా కనుమకి ముందు వచ్చే మనాంగ్ ఊళ్ళోనే ఆగిపోవడం. మనాంగ్ 3,540 మీటర్లు, లాడ్జీలున్నాయి, తిండి ఉంది, కబుర్లు చెప్పుకోవడానికి నాలుగు దేశాల జనం ఉంటారు. ఇంకా పైన, కనుమ మొదట్లో ఉన్న థొరాంగ్ ఫేదీ దాకా వెళ్ళి అక్కడ ఆగుదాం అనుకోకండి, అది ఏటవాలు కొండల కింద ఇరుక్కున్న చోటు, కనుమ అక్కణ్ణించి కనిపిస్తున్నట్టే ఉంటుంది కాబట్టి పొద్దున్నే లేచి వెళ్ళాలనిపిస్తుంది. మంచు ఆగి ఎండ వచ్చిందని వెంటనే బయల్దేరడం కూడా తప్పే. కొత్తగా పడిన మంచు కుదురుకోదు, మంచు చరియలు ఎక్కువగా జారేది ఆ ఒకటి రెండు రోజుల్లోనే.

ఒకసారి ఫేదీలో ఇదే వాదన విన్నాను. మధ్యాహ్నం నుంచి మబ్బు దిగిపోయింది, గైడ్ రేపు వద్దంటున్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు తెలుగు మాట వినబడేసరికి నా దగ్గరికి వచ్చారు. "అన్నా, మీరైనా చెప్పండన్నా వాడికి. ఎల్లుండి పోఖరాలో ఫ్లైటుంది, సోమవారం నుంచి ఆఫీసు, రిలీజ్ ఉంది, మా మేనేజర్ చంపేస్తాడు" అని ఒకటే గొడవ. "తమ్ముడూ, గైడ్ పుట్టింది ఇక్కడ, నేను పుట్టింది గోదావరి పక్కన, మబ్బు సంగతి నన్నడిగితే ఎలా" అన్నాను. అయినా వినేలా లేరు. చివరికి వాళ్ళలో ఒకడికి రాత్రి తలనొప్పి, వాంతులు మొదలై, పొద్దున్నే అందరూ కిందికి దిగాల్సి వచ్చింది కాబట్టి సరిపోయింది. కాబట్టి ప్లాన్‌లో రెండు మూడు రోజులు ఖాళీగా వదలండి. అవి వాడుకోకపోతే పోఖరాలో సరస్సు పక్కన కూర్చోండి, నష్టమేమీ లేదు.

ఆ కుర్రాడికి వచ్చినదాని గురించి కూడా చెప్పాలి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పీడనం తగ్గి, ఊపిరికి అందే ఆక్సిజన్ తగ్గుతుంది, ఐదున్నర వేల మీటర్ల దగ్గర సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు సగమే. శరీరం దానికి అలవాటు పడుతుంది, దాని టైము అది తీసుకుంటుంది. జిమ్‌కి వెళ్ళామా, మారథాన్ పరిగెత్తామా అన్నది ఇక్కడ పనికిరాదు, నేను చూసినంతలో ముందు పడిపోయేది కండలున్న కుర్రాళ్ళే, ఎందుకంటే ఆగమంటే ఆగరు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్ల కంటే పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి. పగలు ఇంకా పైకెక్కి దిగి రావచ్చు, లెక్క పడుకునే చోటుదే. ఇప్పుడు జీపులు మనాంగ్ దాకా వెళ్ళిపోతున్నాయి, నడిచే రోజులు తగ్గాయని సంతోషించేవాళ్ళు శరీరం అలవాటు పడే రోజులు కూడా తగ్గాయన్నది మర్చిపోతున్నారు.

తలనొప్పితో పాటు వికారం, నీరసం, తల తిరగడం ఉంటే అది కొండ జబ్బే అనుకోండి. గ్యాస్ అనుకోకండి, మనవాళ్ళు అన్నిటికీ గ్యాస్ అనేస్తారు. అక్కడే ఆగండి, తగ్గేదాకా ఒక్క అడుగు పైకి వేయొద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గుతో నురుగు వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. మాట తడబడితే, తాగినవాడిలా తూలితే మెదడు వాస్తున్నట్టు. అనుమానంగా ఉంటే మడమకి బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడవమనండి, నడవలేకపోతే ఇక ఆలోచించొద్దు. ఈ రెండిట్లో ఏది వచ్చినా కిందికి దింపడమే వైద్యం, తెల్లారేదాకా చూద్దాం అనకూడదు. పక్కన తోడు లేకుండా ఒక్కణ్ణే పంపకూడదు. కోవిడ్ నాటి పల్స్ ఆక్సీమీటర్ అందరి దగ్గరా ఉంది, అందులో నీకు 88 వచ్చింది నాకు 82 వచ్చింది అని రాత్రంతా పోటీలు పెట్టుకుంటారు. ఆ అంకె కంటే మనిషి ఎలా ఉన్నాడో చూడటం మేలు.

కొండ జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అడుగుతారు. ముందు జాగ్రత్తగా, పిల్లలకి కాదు, పెద్దవాళ్ళకి సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కే ముందు రోజు నుంచి ఇస్తారు, కానీ డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్ళు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, కంగారు పడొద్దు. మందు వేసుకున్నాం కదా అని రోజులు తగ్గించడం మాత్రం కుదరదు. నిద్ర మాత్రలు, మందు పార్టీలు కనుమ దాటి కిందికి వచ్చాకే. మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ళ క్లినిక్ ఉంది, సీజన్‌లో డాక్టర్లు ఈ జబ్బుల మీద ఉపన్యాసం ఇస్తారు, వెళ్ళి వినండి.

ట్రెక్కర్ల కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది కొండకి అవతలి వైపు ముక్తినాథ్ వెళ్ళే మన పెద్దవాళ్ళు. 108 దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి రెండు రాష్ట్రాల నుంచీ బస్సులకి బస్సులు వెళ్తాయి. పోఖరా వెయ్యి మీటర్లు కూడా ఉండదు, గుడి 3,700 దాటిన ఎత్తులో ఉంది. బీపీ, షుగర్ ఉన్న పిన్నిగారినీ బాబాయిగారినీ ఒకే రోజులో జీపులోనో హెలికాప్టర్‌లోనో అంత పైకి తీసుకెళ్ళి, 108 ధారల కింద ఐస్ లాంటి నీళ్ళలో తడిపి, ఆ రాత్రి అక్కడే పడుకోబెడతారు. పెరూలో దీనికి మంచి పద్ధతి చూశాను, విమానంలో 3,400 మీటర్ల కుస్కోలో దిగినవాళ్ళలో తెలివైనవాళ్ళు అక్కడ ఆగకుండా కింద ఉరుబంబా లోయకి పోయి పడుకుంటారు. మనం కూడా అంతే చేయొచ్చు. వెళ్ళేటప్పుడు మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో ఒక రాత్రి, అవి 2,700 దగ్గర ఉంటాయి, మర్నాడు పొద్దున్నే దర్శనం, సాయంత్రానికి మళ్ళీ కిందికి. ధారల నీళ్ళు నెత్తిన చల్లుకున్నా పుణ్యం తగ్గదు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు తలస్నానం జోలికి పోవద్దు. టూర్ వాళ్ళు ఒప్పుకోకపోతే డబ్బు కట్టకముందే వేరే వాళ్ళని చూసుకోండి. జోమ్‌సోమ్‌లో మధ్యాహ్నానికల్లా గాలి విపరీతంగా లేస్తుంది, అందుకే విమానాలు పొద్దున పూటే తిరుగుతాయి, అవి కూడా తరచుగా రద్దవుతాయి. దిగిన మర్నాడే ఖాట్మండూ నుంచి ఇంటికి టికెట్ పెట్టుకోకండి.

ఇన్సూరెన్స్ కాగితం చివరి పేజీ దాకా చదవండి. చాలా ట్రావెల్ పాలసీల్లో ఫలానా ఎత్తు దాటితే వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. 6,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్, హెలికాప్టర్ ఖర్చు రెండూ రాసి ఉండాలి. అలాగని చిన్న తలనొప్పికే హెలికాప్టర్ పిలుద్దామని ఎవరైనా మరీ ఉత్సాహపడితే కొంచెం అనుమానించండి, అవసరం లేని రెస్క్యూలతో ఇన్సూరెన్స్ డబ్బులు తినే వ్యవహారం నేపాల్‌లో 2018లో పెద్ద దుమారమే రేపింది.

మిగతావి గబగబా. కాటన్ బనియన్లు వద్దు, చెమటకి తడిసి ఆరవు. మంచు మీద ఎండకి కళ్ళు దెబ్బతింటాయి, మంచి కళ్ళజోడు ఉండాలి. బూట్లు కొత్తవి కొని నేరుగా అక్కడ వేసుకోకండి, నెల ముందు నుంచి వాడండి. ఫోను, పవర్ బ్యాంక్ రాత్రి స్లీపింగ్ బ్యాగ్ లోపల పెట్టుకోండి, చలికి ఛార్జింగ్ దిగిపోతుంది. పైన ఏటీఎంలని నమ్ముకోకుండా నగదు పట్టుకెళ్ళండి. పాస్‌పోర్ట్ లేనివాళ్ళు ఓటరు కార్డు తీసుకెళ్ళండి, ఆధార్ చూపిస్తే చాలనుకుని ఎయిర్‌పోర్ట్‌లో ఆగిపోయేవాళ్ళు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది కాబట్టి ఆవకాయో కారప్పొడో ఉంటే అక్కడి దాల్ భాత్ నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతుంది, సీసా పగలకుండా ప్లాస్టిక్ డబ్బాలో సర్దుకోండి. ఇంకోటి, మీ సామాను మోసే పోర్టర్‌కి జాకెట్, బూట్లు ఉన్నాయో లేదో బయల్దేరే ముందే చూడండి, లేకపోతే ట్రెక్ మొదలయ్యే బెసిసహర్‌లోనే కొనిపించండి, పైకి వెళ్ళాక దొరకడం కష్టం.