‘త్సూక్’ అంటే రైలు ఒక్కటే కాదు

జర్మనీ వచ్చిన రెండో నెలలో, ఒక స్టేషన్‌లో మెట్ల పక్కన కాగితం అంటించి ఉంది: ‘ఔఫ్‌త్సూక్ డిఫెక్ట్’. త్సూక్ అంటే రైలని అప్పటికే నేర్చుకున్నాను. డిఫెక్ట్ సంగతి చెప్పక్కర్లేదు. రైలు పాడైందనుకుని బయటికొచ్చి తాపీగా కాఫీ తాగాను. పాడైంది లిఫ్టు! ఇక్కడి రైళ్లకు ఆలస్యం మామూలే, ఆ రోజు మాత్రం నాది టైముకే వెళ్లిపోయింది.

అందుకే ఈ మాటను ‘రైలు’ అని బట్టీ పట్టకండి. ముందు ఏదైనా షాపు తలుపు చూడండి. ‘త్సీయెన్’ అని ఉంటే లాగమని. ఆ క్రియ నుంచి పుట్టిందే త్సూక్, అంటే లాగుడు. ఇంగ్లిష్ ‘టగ్’ దీనికి చుట్టమే. పాత ‘ట’ జర్మన్‌లో ‘త్స’గా మారింది: ‘టెన్’ను వీళ్లు ‘త్సేన్’ అంటారు, ‘టంగ్’ను ‘త్సుంగె’ అంటారు. ఇంకోటి, రాసేటప్పుడు చివర గ్, పలికేటప్పుడు క్. బహువచనంలో ఆ గ్ మళ్లీ వినిపిస్తుంది: త్స్యూగె.

ఇక మాట ఎదురైనప్పుడల్లా ఎవరు దేన్ని లాగుతున్నారో వెతకండి. ఇంజన్ పెట్టెల్ని లాగితే రైలు. జర్మనీలో మొదటి ఆవిరి రైలు న్యూరెంబర్గ్ నుంచి ఫ్యుర్త్‌కు నడిచింది 1835లో. మాట అంతకు వందల ఏళ్ల ముందుది. చదరంగంలో పావు జరిపితే అదీ త్సూక్, మన ఎత్తు. ఏ ఎత్తు వేసినా నష్టమే, వేయకా తప్పదు అనే ఇరకాటమే త్సూక్‌త్స్వాంగ్. సిగరెట్ దమ్ము త్సూక్, బీరు గుక్క త్సూక్. మనకిది వింతేం కాదు. మనమూ దమ్ము లాగుతాం, ఆకలేస్తే రెండు ప్లేట్లు లాగించేస్తాం, సాయంత్రానికి కాళ్లు లాగుతున్నాయంటాం. ఆఫీసులో ఒకాయన ‘ఎస్ త్సీట్’ అంటూ మెడ రుద్దుకుంటే నరం లాగుతోందేమో అనుకున్నాను. ఆయన లేచి కిటికీ మూశాడు. వీస్తున్న గాలి గురించట.

అసలు తిప్పలు ముందు అతికే ముక్కతోనే. ఔఫ్ అంటే పైకి, కాబట్టి లిఫ్టు. ఆన్‌త్సూక్ ఒంటి మీదికి లాక్కుని తొడుక్కునే సూటు. ఎంట్‌త్సూక్ తాగుడు, మత్తుమందులు మాన్పించడం. కోంటో ఔస్‌త్సూక్ బ్యాంకు స్టేట్‌మెంట్. ఉమ్‌త్సూక్ మాత్రం మోసకారి: షాపు తలుపు మీద కనిపిస్తే వేరే చోటికి మారుతున్నారని, కార్నివాల్ రోజుల్లో వినిపిస్తే ఊరేగింపని. ఇక్కడ సూత్రాలేం పనిచేయవు, సందర్భం చూసుకోవాల్సిందే.

‘ఇన్ ఫోలెన్ త్స్యూగెన్’ అంటే నిండు గుక్కలతో, మన తనివితీరా లాంటిది. కాలు పెట్టే చోటు లేని బండిలో ఒకావిడ ప్రయాణాన్ని ‘ఇన్ ఫోలెన్ త్స్యూగెన్’ ఆస్వాదిస్తున్నానంది. కిక్కిరిసిన రైళ్లలో అనే అర్థం కూడా వస్తుంది మరి. పెట్టెంతా నవ్వింది. నేను అరనిమిషం ఆలస్యంగా నవ్వాను.