గుంట మ్యాప్‌లో కనిపించకపోతే ముందు చూడాల్సింది అంకెలు

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల హద్దులను పోస్ట్‌జీఐఎస్‌లోకి, అంటే మ్యాపుల డేటాబేస్‌లోకి, ఎక్కించడం నా పని. మొదట్లో ఒక షేప్‌ఫైల్ (హద్దుల గీతలుండే ఫైల్) వచ్చింది, దాంతో ఆ అంకెలు ఏ కొలత పద్ధతిలో ఉన్నాయో చెప్పే పీఆర్‌జే ఫైల్ లేదు. తొందరలో ఆ పద్ధతి నంబరు రాసే ఎస్‌టీ_సెట్‌ఎస్‌ఆర్‌ఐడీ అనే ఆదేశంతో 4326 అని, అంటే జీపీఎస్ వాడే డిగ్రీల అక్షాంశ రేఖాంశాలని, పెట్టేశాను. ఎర్రర్ రాలేదు. మ్యాప్ తెరిస్తే జిల్లాలో ఒక్క గుంటా లేదు. రెండు రోజులు ఒకటే టెన్షన్.

స్థలం కొలిచే అంకణాల లెక్క తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి అంకణం 36. తిరుపతి కాగితంలో 20 అంకణాలని ఉంటే, ఊరి పేరు కొట్టేసి నెల్లూరు అని రాసినంత మాత్రాన స్థలం పెరగదు. లెక్క కట్టి 10 అని రాయాలి. సెట్‌ఎస్‌ఆర్‌ఐడీ ఊరి పేరు మాత్రమే రాస్తుంది. లెక్క కట్టేది ఎస్‌టీ_ట్రాన్స్‌ఫామ్. నేను మీటర్ల మీద డిగ్రీలని పేరు రాశాను.

అందుకే ముందు, హద్దుల అంకెలను చూపించే ఎస్‌టీ_యాజ్‌టెక్స్ట్‌తో ఒక్క గుంటను బయటికి తీసి చూడండి. 80.12, 14.46 లాంటివి ఉంటే డిగ్రీలు. జీపీఎస్‌తో తీసినవైతే 4326 సరిపోతుంది. 4,05,000, 15,98,000 లాంటివి ఉంటే మీటర్లు. నెల్లూరు, ప్రకాశం రెండూ 78, 84 రేఖాంశాల మధ్యే ఉన్నాయి కాబట్టి అది దాదాపుగా యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి) 44 ఉత్తర జోన్, నంబరు 32644. అప్పుడు ఇలా రాయాలి:

ఎస్‌టీ_ట్రాన్స్‌ఫామ్(ఎస్‌టీ_సెట్‌ఎస్‌ఆర్‌ఐడీ(జియోమ్, 32644), 4326)

జియోమ్ అంటే హద్దులుండే కాలమ్. లోపల అసలు పేరు, బయట మార్పు. షేప్‌ఫైల్ లోడర్‌తో కొత్తగా ఎక్కిస్తుంటే మైనస్ ఎస్ (-s) ఆప్షన్ దగ్గర 32644:4326 అని ఇస్తే రెండూ ఒకేసారి అయిపోతాయి.

ఎక్సెల్ నుంచి వచ్చిన పాయింట్లలో ఇంకో తిరకాసు ఉంటుంది. మనం అక్షాంశం ముందు చెబుతాం, పోస్ట్‌జీఐఎస్‌కు రేఖాంశం ముందు కావాలి. తారుమారైతే ఇందుకూరుపేట గుంట నార్వేకు ఉత్తరాన, స్వాల్‌బార్డ్ దగ్గర మంచు సముద్రంలో తేలుతుంది. రెంటినీ అటూ ఇటూ మార్చే ఎస్‌టీ_ఫ్లిప్‌కోఆర్డినేట్స్ ఒక్కసారి నడిపితే చాలు.

నాకు ఎక్కువ భయం పాత టోపోషీట్ల (సర్వే మ్యాపుల) మీద గీసిన హద్దులంటేనే. అవి ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ మీద, అంటే జీపీఎస్ వాడేదానికి వేరైన పాత భూమి ఆకారం లెక్క మీద, ఉంటాయి. వాటిని 4326 అనుకుంటే గుంట వంద మీటర్లకు పైగా జరుగుతుంది. జిల్లా మ్యాప్‌లో అంతా బాగానే కనిపిస్తుంది, దగ్గరికి వెళ్తే మాత్రం పక్కవాళ్ల గుంట మీద ఉంటుంది. షీటు అంచున ఏం రాసి ఉందో చదవకుండా ఎక్కించకండి.

అంతా అయ్యాక విస్తీర్ణం చూస్తాను. 4326లో ఉండగానే ఎస్‌టీ_ఏరియా అడిగితే ఎకరం గుంటకు 0.00000034 లాంటి అంకె వస్తుంది, అవి చదరపు డిగ్రీలు. 32644కి మార్చి అడిగితే 4,047 చదరపు మీటర్ల దగ్గర రావాలి. ఆ తర్వాత గుంట రైతుకు ఫోన్ చేసి ఎంత ఉందో అడుగుతాను. ఆయన ఎకరన్నర అంటే నా దగ్గర 6,070 అటూ ఇటూగా ఉండాలి. లేకపోతే మళ్లీ ఎస్‌టీ_యాజ్‌టెక్స్ట్ దగ్గర నుంచి మొదలు.