అమెరికా వచ్చిన మన నర్సమ్మాయిలకి: ఎన్‌క్లెక్స్‌లో "డాక్టర్ గారికి చెప్తా" అంటే మార్కులు రావు

గుంటూరు, విజయవాడ వైపు నుంచి భర్త ఉద్యోగం వల్ల దొరికే హెచ్‌4 వీసా మీద వచ్చిన అమ్మాయిలు అక్కా ఎన్‌క్లెక్స్‌కి, అదే ఇక్కడ నర్సు లైసెన్సు పరీక్షకి, ఏ పుస్తకం చదవాలి అని అడుగుతుంటారు. పుస్తకం సంగతి తర్వాత, ముందు మన అలవాటు ఒకటి మారాలి, అది మార్చుకోకే నేను మొదటిసారి పరీక్ష పోగొట్టుకున్నా.

ఏంటంటే, విజయవాడలో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో నైట్ డ్యూటీ, ఒక పెద్దాయనకి బ్లడ్ ఎక్కుతోంది, పావుగంటకే చలి, వణుకు, నడుం నొప్పి అన్నాడు. నేనేం చేశా? చుక్కలు తగ్గించి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి, ఎత్తకపోతే మెట్లెక్కి పరిగెత్తా. పెద్దాయన బాగానే ఇంటికెళ్ళాడు, అది ఆయన అదృష్టం, నా గొప్పేం కాదు. పరీక్షలో అదే కేసు వస్తే ముందు బ్లడ్ ఆపెయ్యాలి, తగ్గించడం కాదు ఆపెయ్యడమే, కెనులా (నరంలో పెట్టిన సన్న గొట్టం) మాత్రం తియ్యకుండా కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టాలి, బీపీ పల్స్ చూడాలి, అప్పుడు డాక్టర్‌కీ బ్లడ్ బ్యాంక్‌కీ చెప్పాలి, మిగిలిన బ్యాగు పారెయ్యకూడదు.

2023 ఏప్రిల్ 1 నుంచి పరీక్ష ఇలాంటి ఆలోచన మీదే ఎక్కువ నడుస్తోంది, క్లినికల్ జడ్జిమెంట్ అంటున్నారు. ఆరు మెట్లు ఉంటాయి, ఇంగ్లీషులో బట్టీ పట్టకండి, ఆ పెద్దాయన్నే తలుచుకోండి. చలి, నడుం నొప్పి కంటపడ్డాయా, రెండూ కలిపితే దేనివల్ల అయ్యుండొచ్చు, వాటిల్లో ప్రాణం మీదకి తెచ్చేది ఏది, ఏమేం చెయ్యొచ్చు, ఏది ముందు చేశావు, చేశాక తగ్గిందా లేదా. మూడు కేసులు గ్యారంటీగా వస్తాయి, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు, ఒకటి నొక్కి ముందుకెళ్ళాక వెనక్కి రాలేం. కరెక్టువన్నీ టిక్ పెట్టమనే ప్రశ్నల్లో ఇప్పుడు సగం తెలిసినా మార్కులొస్తాయి, కానీ తప్పు టిక్‌కి ఒకటి కోసేస్తారు, సున్నా కంటే కిందకి మాత్రం పోదు, అందుకే ఎందుకైనా మంచిదని అన్నీ నొక్కే పని పెట్టుకోవద్దు.

మందుల పేర్లు కూడా ఇప్పట్నుంచే మార్చుకోండి, పారాసెటమాల్ ఇక్కడ ఎసిటమినోఫెన్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, సాల్బుటమాల్ ఆల్బ్యుటెరాల్. లేసిక్స్ అని బ్రాండ్ పేరు రాయరు, ఫ్యూరోసమైడ్ అని జెనరిక్ పేరే ఉంటుంది.

ఇంకోటి, మనకి పేషెంట్ కంటే మంచం పక్కనుండే కొడుకుతో మాట్లాడటం అలవాటు. ఇక్కడ చెప్పేది పేషెంట్‌కే చెప్పాలి, ఆయన ఒప్పుకోకుండా కొడుక్కి ఫోన్లో రిపోర్టు చెప్పేస్తే తప్పు. ఇంగ్లీషు రాని మామ్మగారొస్తే మనవరాలితో చెప్పించకూడదు, హాస్పిటల్ ఇంటర్‌ప్రెటర్‌ని పిలవాలి (ఇది నాకు ఇప్పటికీ కొంచెం అతి అనిపిస్తుంది గానీ పరీక్షలో ఆన్సర్ అదే). మన ఆయమ్మలాగా ఇక్కడ నర్సింగ్ అసిస్టెంట్లుంటారు, స్నానం, నడిపించడం, స్టేబుల్‌గా ఉన్నవాళ్ళ బీపీ వాళ్ళకి అప్పజెప్పొచ్చు, పేషెంట్‌ని అసెస్ చెయ్యడం, డిశ్చార్జ్ జాగ్రత్తలు చెప్పడం మనమే చెయ్యాలి.

అసలు మనకి చూపు లేక కాదు, వార్డులో అంతమందిని ఒక్కళ్ళమే చూసుకుని, మొహం చూసి ఈయనకి ఏదో తేడాగా ఉందని పట్టేసేవాళ్ళం. దాని తర్వాత అడుగే మనం ఎప్పుడూ డాక్టర్ చేతిలో పెట్టాం. ప్రాక్టీస్ చేసేటప్పుడు ప్రతి ప్రశ్నకీ పైకి అనుకోండి, డాక్టర్ వచ్చేలోపు నా రెండు చేతులూ ఏం చెయ్యాలి అని. అలాగని అన్నిటికీ ఫోన్ చెయ్యడం తప్పు అనుకోకండి, మనం చెయ్యాల్సిందంతా అయిపోయి ఇంకా దిగజారుతుంటే పిలవడమే కరెక్ట్.

టైమ్ 5 గంటలు, ప్రశ్నలు కనీసం 85, మహా అయితే 150. 85 దగ్గర స్క్రీన్ ఆగిపోతే పాసూ కావచ్చు ఫెయిలూ కావచ్చు, కంప్యూటర్‌కి తేల్చుకోవడానికి అన్ని చాలాయంతే. రెండోసారి నాకు అక్కడే ఆగింది, బయటికొచ్చి గుంటూరు ఫోన్ చేసి చెప్తే మా అమ్మ "మధ్యలో ఆపేశారంటే కరెంటు పోయిందా ఏంటే అక్కడ కూడా?" అంది.