ఎన్నిసార్లు వచ్చిందో గీతలే చెప్పాలి
తలనొప్పి నెలలో ఎన్నిసార్లు వచ్చిందని వైద్యుడు అడిగినప్పుడు తోచిన సంఖ్య చెప్పే బదులు, నొప్పి వచ్చిన రోజే క్యాలెండరులో ఆ తేదీ మీద పెన్సిలుతో చిన్న గీత పెట్టుకోండి. ఒకసారి చూసిన బొమ్మను గుర్తుపట్టడంలో మన జ్ఞాపకశక్తి గట్టిదే. రెండు విషయాల్లో ఏది ఎక్కువసార్లు ఎదురైందో కూడా, లెక్కపెట్టాలన్న ఉద్దేశం లేకున్నా, చాలావరకు పసిగడుతుంది. చిక్కల్లా కచ్చితమైన సంఖ్య దగ్గరే. ట్వెర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో చూపినట్లు, సులభంగా గుర్తుకొచ్చేదాన్ని తరచుగా జరిగేదిగా లెక్కవేస్తాం కాబట్టి, నిన్న రాత్రి నిద్ర చెడగొట్టిన ఒక్క నొప్పి వల్ల నెలంతా బాధపడ్డట్టే అనిపించవచ్చు. గీత పక్కన నొప్పి మొదలైన వేళ కూడా రాస్తే మంచిది; తీవ్రతకు మార్కులు వేయడం మాత్రం, నా దృష్టిలో, నాలుగు రోజులకే విసుగు పుట్టించే పని.